నలభై ఏడు శాతంతో ఆవలి రేవుకి

తాళ్ళు విప్పేసరికి తెర మీద నలభై ఏడు ఉంది. నలభై ఏడు శాతం. ఆ అంకెను మూడుసార్లు చూశాను, గుచ్చి గుచ్చి చూస్తే పెరుగుతుందేమోనన్నట్టు. పొద్దున ఆవలి రేవు నుంచి వచ్చేటప్పుడు బ్యాటరీలో ఖర్చయింది ఖర్చయినట్టే ఉండిపోయింది, ఎందుకంటే దీవి వైపు ఛార్జింగు పెట్టె ఎనిమిదింటికే మొరాయించింది. ఎలక్ట్రీషియను దాని తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, పెదవి విరిచి, ఒక ముక్క మార్చాలి, అది మూడింటి సరుకుల పడవలో వస్తుంది అన్నాడు. సరే, మూడింటిదాకా ఆగుదాం, తొందరేముంది అనుకున్నాం మామయ్యా నేనూ. తొందరేముంది అన్న మాట పదకొండున్నర దాకానే చెల్లింది. పదకొండున్నరకి అత్తయ్య, ఫెర్రీకని కొత్తగా కుట్టిన సీటు కవర్ల మూట చంకన పెట్టుకుని రేవుకి వచ్చి, టికెట్ల గది ముందు ఆగి, మూట కింద పెట్టి, దాని మీదే కూర్చుంది. అత్తయ్య ఎక్కడా కూర్చునే మనిషి కాదు. అందుకే అందరం తిరిగి చూశాం. ముఖం నిండా చెమట. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని "ఏం లేదు, ఏం లేదు, మూట బరువు" అంది. ఆ మూటలో ఉన్నది గుడ్డే కదా, ఏం బరువు. ఆరోగ్య కేంద్రం నర్సు పరిగెత్తుకొచ్చి, ఒంటికి వైర్లు తగిలించి, చిన్న మెషీనులో గీతలు చూసి, నాలుక కింద ఒక మాత్ర పెట్టి, మింగడానికి ఇంకో నాలుగిచ్చి, మామయ్యని పక్కకి పిలిచింది. గుండెకి నెత్తురు తీసుకెళ్ళే నాళం మూసుకుపోయింది, నేను చేయగలిగింది ఇంతే, అవతలి ఆసుపత్రిలో దాన్ని తెరవాలి, ఎంత ముందు తెరిస్తే గుండె అంత మిగులుతుంది అంది. కేంద్రం స్పీడుబోటు ఇంజను విప్పి షెడ్డులో పడి ఉంది. హెలికాప్టరు అడిగితే ఈ గాలిలో రాలేమన్నారు. ఉన్నది మా ఫెర్రీ ఒక్కటే. అందులో నలభై ఏడు శాతం.

ఫెర్రీకి సరంగు మామయ్య. ముప్ఫై ఒక్క ఏళ్ళు డీజిలు లాంచీ నడిపాడు, ఇప్పుడీ కరెంటు ఫెర్రీ. ఎక్కడ ఎంత వేగంతో పోవాలో పక్కనున్న తెర మీద ఆకుపచ్చ గీతగా చూపించే ప్రోగ్రాము రాసినదాన్ని నేను. దాన్ని నీళ్ళ మీద పరీక్షించడానికే మూడు వారాలుగా మామయ్య ఇంట్లో ఉంటున్నాను, చిన్నప్పుడు పడుకున్న గదిలోనే, కాళ్ళు చాపితే గోడకి తగిలే ఆ మంచం మీదే. మూడు వారాల్లో మామయ్య నా గీతని చూసింది లేదు. మర్యాదకి ఒకసారి తెర వంక చూసి, తన టోపీ దానికి తగిలించేవాడు. "ఎండ కొడుతోందే అమ్మాయ్, నీ తెర పాడైపోతుంది" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఇవాళ టోపీ ఎక్కడ పడిపోయిందో ఏమో, ఆయన నెత్తి మీదా లేదు, తెర మీదా లేదు. నెరిసిన జుట్టు గాలికి లేస్తోంది. కుడిచెయ్యి లివర్ మీద. ఆ చెయ్యి లివర్ని మూడొంతుల దాకా తోసి, అక్కడ ఆగింది.

అక్కడే ఎందుకు ఆగిందో నాకు తెలుసు. నీళ్ళు ఎంత తోస్తే అంతకు మించి ఎదురు తిరుగుతాయి. వేగం రెండింతలు కావాలంటే కరెంటు ఎనిమిదింతలు పొయ్యాలి. ఆవలి రేవు ఇరవై కిలోమీటర్లు. లివర్ మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా తోస్తే యాభై రెండు నిమిషాలు, కానీ దానికి అరవై తొమ్మిది శాతం కావాలి. మా దగ్గరున్నది నలభై ఏడు. పూర్తి వేగంతో బయల్దేరితే పదమూడో కిలోమీటరు చేరకముందే మోటార్లు ఆగిపోతాయి, అదీ సరిగ్గా నది వచ్చి సముద్రంలోకి తోసుకొచ్చే నోటి దగ్గర. అక్కడ ఆగిన పడవ ఆగదు, వెనక్కి పోతుంది. ఆగకుండా చేరాలంటే అరవై ఏడు నిమిషాలు. తేడా పదిహేను నిమిషాలు. నా జీవితంలో పదిహేనేళ్ళు ఇలాంటి తేడాల మీదే గడిచాయి, కాగితం మీద అవి ఎప్పుడూ చిన్న గీతలే. ఇప్పుడా పదిహేను నిమిషాలు కింద బెంచీ మీద పడుకుని ఉన్నాయి, తలకింద సీటు కవర్ల మూట పెట్టుకుని.

"బావా! మూడొంతుల్లో పెట్టావేంటి? పూర్తిగా తొయ్యి!"

వడ్రంగి బాబాయి. అత్తయ్య తమ్ముడు. ఎవరూ రావద్దన్న కేబిన్‌లోకి వచ్చి నిలబడ్డాడు, చొక్కా మీద రంపపు పొట్టు అలాగే ఉంది, పనిలోంచి లేచి వచ్చేశాడు. మామయ్య వెనక్కి తిరగలేదు.

"తోస్తే చేరం" అన్నాడు.

"అక్కడున్నది మా అక్క బావా!"

"తెలుసురా."

తెలుసురా అన్న ఆ గొంతు మామూలుగానే ఉంది. రేవులో మామయ్యని నిమ్మళం అంటారు. నిమ్మళం లాంచీ వచ్చిందా, నిమ్మళం ఇవాళ సెలవా అంటారు, పేరు చాలామందికి తెలియదు కూడా. దానికి విరుద్ధం అత్తయ్య. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే చివరి మాట మొదటి మాటని తరుముతుంది. అన్నం వడ్డిస్తూనే కంచం తీసేస్తుందా అనిపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ బజారుకి బయల్దేరితే ఆవిడ వెళ్ళి, కొని, తిరిగొస్తుంటే, ఈయన ఇంకా వెళ్తూ దారిలో ఎదురయ్యాడని మా అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. "ఈ మనిషిని కట్టుకుని నా ఆయుష్షంతా ఎదురుచూడటానికే సరిపోయింది" అని అత్తయ్య రోజుకోసారి అంటుంది. మామయ్య ఊఁ అంటాడు. ఆ ఊఁ కూడా కాసేపాగి వస్తుంది. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆ ఇంట్లో పెరిగాను నేను, అమ్మకి ఊరూరా తిరిగే ఉద్యోగం కావడంతో. వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నారని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఒక రోజు, ఏడో తరగతిలో కాబోలు, కుట్టు గది గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటూ తలెత్తి అత్తయ్య కాలు చూశాను. మెషీను పెడలు మీద ఆ కాలు. గుడ్డ పొడుగునా దడదడలాడించి, అంచు ఇంకా నాలుగు వేళ్ళ దూరం ఉందనగా కాలు ఎత్తేసింది. చక్రం తిరుగుతూనే ఉంది. సూది ఆ మిగిలిన ఊపు మీదే వెళ్ళి వెళ్ళి, సరిగ్గా అంచు మీద చివరి కుట్టు వేసి ఆగింది. ఒక్క కుట్టు ఎక్కువ లేదు, తక్కువ లేదు. "అత్తయ్యా, అక్కడ ఆగుతుందని నీకెలా తెలుసు?" అంటే, "చచ్చినట్టు ఆగుతుంది, నేను కాలెత్తాక అదెక్కడికి పోతుంది" అంది. ఎంత హడావిడి మనిషికైనా ఎక్కడో ఒక నిమ్మళం ఉంటుందని, అది కాల్లో ఉండొచ్చని, ఆ రోజు అర్థమైంది. తర్వాత ఇదే చదువు చదివాను. కదిలే వస్తువుని ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా చేర్చాలి, ఎప్పుడు తొయ్యాలి, ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఆపాలి. పెద్ద పెద్ద మాటలతో ఉంటుంది ఆ శాస్త్రం. కాలేజీలో మా మాస్టారు మొదటి రోజే బోర్డు మీద ఒక బండి గీసి, "త్వరగా చేరడం ఒక్కటే కావాలంటే సగం దారి పూర్తిగా యాక్సిలరేటరు తొక్కండి, మిగతా సగం పూర్తిగా బ్రేకు తొక్కండి. శక్తి మిగలడం ఒక్కటే కావాలంటే అసలు ఇంట్లోంచి కదలకండి. మీ చదువంతా ఈ రెండు పిచ్చిపనులకీ మధ్య ఉంది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వకుండా రాసుకున్నాను.

ఆరో కిలోమీటరు. ఎడమవైపు ఇసుక మేట, దాని చాటున నీళ్ళు కదలకుండా నూనెలా ఉన్నాయి. ముప్ఫై ఆరు శాతం. ఇరవై నిమిషాల్లో పదకొండు ఖర్చు. నేను మనసులో వేసుకున్న లెక్కా అదే, ఆయన చెయ్యి వేసిన లెక్కా అదే. మేటకి ఎంత దగ్గరగా పోతున్నాడంటే కింద ఇసుక పచ్చగా కనిపిస్తోంది. నా ప్రోగ్రాము ఇంత దగ్గరికి రానివ్వదు, తెర మూలన పసుపు దీపం వెలుగుతోంది. కానీ ఆ చాటున అయితే ఎదురు నీరు లేదు, పది బారలు అవతలికి జరిగితే ఉంది. అది ఆయనకి తెలిసినంత నా పటానికి తెలియదు. నా పటం నిరుడు కొలిచింది. మేట అప్పట్నుంచీ జరిగింది. ఆయన దానితో పాటు జరిగాడు. లివర్ మీద చెయ్యి ఒక్కసారి కూడా ఉలికిపడలేదు, ముందుకీ వెనక్కీ తచ్చాడలేదు. ప్రతి తచ్చాటా కరెంటే, తోసి తగ్గించి మళ్ళీ తోసిన వాడు ఒకే తీరున పోయినవాడికంటే ఎక్కువ కాల్చేస్తాడు, ఇది నిరూపించడానికి నేను పదకొండు పేజీలు రాశాను. ఎనిమిదో పేజీలో తప్పు దొరికి మళ్ళీ రాశాను. ఆయన ఏ పేజీ రాయకుండా నిలబడి ఉన్నాడు. మొదటి వారం ఆయన మీద నాకు వచ్చిన కోపం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. టోపీ తగిలించింది ఎగతాళికి కాదేమో. ఆయనకి నిజంగా అది అక్కర్లేదేమో.

మేట దాటాం. నీళ్ళ రంగు మారింది, ఒక గీత గీసినట్టు, ఇవతల నీలం, అవతల ఎర్రమట్టి. ఎగువన వానలు పడ్డాయి కదా, నది బురదతో దిగుతోంది. పడవ ముక్కు ఆ గీత దాటగానే కింద నుంచి ఎవరో ఆపినట్టు తెలిసింది. గంటకి నాలుగు కిలోమీటర్ల ఎదురు నీరు, నా పటంలో రెండే ఉంది. ఇప్పుడేం చేస్తాడో చూడాలని ఆయన చేతి వైపు తిరిగాను. మామూలు మనిషికి ఇక్కడ చెయ్యి రెండు రకాలుగా తప్పుతుంది. భయపడేవాడు బ్యాటరీ మిగుల్చుకుందామని తగ్గిస్తాడు. నీరు వెనక్కి తోస్తుంటే తగ్గించినవాడు ఆ నీటిలోనే ఎక్కువసేపు ఉంటాడు, ఉన్నంతసేపూ ఖర్చే. కంగారుపడేవాడు చివరిదాకా తోసేస్తాడు. మామయ్య లివర్ని పిసరంత, ఒక వేలి మందం, ముందుకి జరిపాడు. వేలి మందం. నేను తెర వైపు వంగి, కొత్త నీటి వేగం చేత్తో కొట్టి లెక్క మళ్ళీ నడిపించాను. పన్నెండు సెకన్లు ఆలోచించి నా ప్రోగ్రాము కూడా పచ్చగీతని అక్కడే గీసింది. అదే వేలి మందం. కన్నీళ్ళొస్తాయేమోనని కిటికీలోంచి చూశాను.

"ఎదురొచ్చినప్పుడు ఇవ్వాలే అమ్మాయ్" అన్నాడు మామయ్య, ఎవరితోనో అన్నట్టు. "కలిసొచ్చినప్పుడు మిగుల్చుకోవాలి."

ఎప్పుడైనా ఇంటి విషయం కూడా ఇలాగే అన్నాడా అని వెతుక్కున్నాను. అనలేదు. కానీ అత్తయ్య అన్నయ్య చనిపోయిన ఏడాది, ఆవిడ మూణ్ణెల్లు మెషీను ముట్టకుండా గోడ చూస్తూ కూర్చున్నప్పుడు, మామయ్య లాంచీ దిగి తిన్నగా ఇంటికొచ్చి ఆవిడ పక్కనే కూర్చునేవాడు, చీకటిపడేదాకా, మాటా మంతీ లేకుండా. ఆ మూణ్ణెల్లూ వంట ఆయనదే. ఆవిడ లేచి మళ్ళీ పరుగులు మొదలెట్టాక ఆయన మళ్ళీ వెనక్కి తగ్గి తన నడకలో పడ్డాడు. ఇంట్లో ఎవరూ దాన్ని గమనించలేదు, నేను కూడా ఇప్పుడే గమనిస్తున్నాను, ఎనిమిదో కిలోమీటరు దగ్గర, ముప్ఫైకి దిగుతున్న శాతాన్ని చూస్తూ. మనిషి ఒంట్లో కూడా ఇంతే ఉంటుంది కాబోలు, ఒక నిండు గిన్నె, అందులోంచి ఎవరికి ఎప్పుడు ఎంత వంపాలో తెలిసినవాళ్ళు కొందరే ఉంటారు. వాళ్ళని చూసి మనం నత్తలని నవ్వుతాం. నా ప్రోగ్రాములో ఒక అంకె ఉంది. ఒక నిమిషం మిగలడానికి ఎంత కరెంటు పొయ్యొచ్చు అని చెప్పే అంకె. మిగతా లెక్కంతా దాని మీద నిలబడుతుంది. ఆఫీసులో ఆ అంకె కోసం నాలుగు మీటింగులు జరిగాయి, ఒకాయన ఎక్కువ పెట్టమన్నాడు, ఒకావిడ తక్కువ పెట్టమంది, చివరికి మధ్యలో ఏదో పెట్టేసి టీ తాగడానికి లేచాం. ఆ అంకెలో ఒక మనిషి ఉండొచ్చని ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఇరవై నాలుగు శాతం దగ్గర మామయ్య మొదటిసారి నా వైపు చూశాడు.

"ఇరవై దగ్గర ఇది నా చెయ్యి పట్టుకుంటుంది కదూ?"

పట్టుకుంటుంది. ఆ తాళం వేసింది నేనే. బ్యాటరీ ఇరవైకి రాగానే, సరంగు ఎంత తోసినా, మోటార్లకి నాలుగో వంతు కరెంటు మించి పోనివ్వదు. జాగ్రత్త కోసం. ఆ ఇరవై ఎలా వచ్చిందంటే, ఒక మీటింగులో ఎవరో ఇరవై అన్నారు, ఎవరూ కాదనలేదు. ఈ ఎదురు నీటిలో నాలుగో వంతు కరెంటంటే మనిషి పరుగంత. రేవు చేరేసరికి ఏడు నిమిషాలు పోతాయి, ఎనిమిది కూడా పోవచ్చు, పైగా బ్యాటరీలో తొమ్మిది శాతం ఎవరికీ పనికిరాకుండా మిగిలిపోతుంది.

"పట్టుకుంటుంది మామయ్యా."

"వదిలించు."

అంతే అన్నాడు. మళ్ళీ నీళ్ళ వైపు తిరిగాడు. తాళం తీసే పాస్‌వర్డు నా ఒక్కదానికే తెలుసు. నా వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళి ఆగిపోయాయి. కింద అత్తయ్య ఒక్కతే లేదు, పొద్దుట్నుంచీ రేవులో ఆగిపోయి మాతో పాటు ఎక్కేసిన యాభై ఎనిమిది మంది ఉన్నారు, ఒళ్ళో సంచులు పెట్టుకుని, మాటలు మానేసి. లెక్క ఎక్కడో తప్పితే, ఏదో ఒక మూల బ్యాటరీ నేననుకున్నదానికంటే నీరసంగా ఉంటే, ఈ నోటి దగ్గర మోటార్లు ఆగితే అందరం సముద్రంలోకి కొట్టుకుపోతాం, అత్తయ్యతో సహా. తాళం తియ్యకపోతే ఎవరూ నన్నేమీ అనరు. ఎనిమిది నిమిషాలు ఆలస్యమైందని లెక్క రాసినదాన్ని ఎవరు అడుగుతారు. వెనక బాబాయి మళ్ళీ మొదలుపెట్టాడు, "బావా, దణ్ణం పెడతా, తొయ్యి, ఆగిపోతే ఆగిపోనీ, ఎవడో ఒకడు రాడా" అని, గొంతు చీలిపోతోంది. అప్పుడే కేబిన్ తలుపు తెరుచుకుని నర్సు తల పెట్టింది. అందరం తిరిగాం, మామయ్య తప్ప. ఆయన వీపు మాత్రం గట్టిపడింది, చొక్కా వెనక ఎముకలు కనిపించాయి.

"ఏం కాలేదు, మెలకువగానే ఉన్నారు" అంది నర్సు ముందుగా. అది ముందు చెప్పాలని తెలిసిన మనిషి. తర్వాత బాబాయి వైపు చూసి, "మీ అరుపులు కిందికి వినిపిస్తున్నాయి. ఆవిడ చెప్పి రమ్మన్నారు. ఆయన్ని ఎవరూ తొందరపెట్టొద్దట."

నలభై ఏళ్ళుగా ఆ మనిషిని తొందరపెట్టిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. బాబాయి గోడకి జారగిలబడి, రంపపు పొట్టు చేతులతో ముఖం కప్పుకుని, అలాగే కూర్చుండిపోయాడు. మామయ్య గొంతు సవరించుకున్నాడు, ఒక్కసారి, అంతే. ఇరవై రెండు శాతం. నేను టికెట్టు పుస్తకం అట్ట వెనక్కి తిప్పి పెన్సిలుతో మొదటి నుంచీ లెక్క వేశాను, ప్రోగ్రాముని అడగకుండా, పరీక్షలో వేసినట్టు. మిగిలిన దూరం. ఎదురు నీరు ఇంకో మూడు కిలోమీటర్లు, ఆ తర్వాత ఒడ్డు చాటున నీరు వెనక్కి తిరుగుతుంది, అది మా వైపే. బ్యాటరీ వేడి ఎంత, ఒక్కో పెట్టెలో ఎంతుంది, అన్నిట్లోకీ నీరసమైనది ఎంత. రెండు శాతం దాకా భయం లేదని నాకు తెలుసు, ఆ పరీక్ష చేసింది నేనే, రెండు నెలలు షెడ్డులో కూర్చుని. తెలిసీ ఇరవై దగ్గర తాళం వేశాను, బల్ల చుట్టూ ఎవరితోనూ వాదించలేక. పెన్సిలు లెక్క మూడున్నర శాతం మిగులుతుందంది. రెండోసారి వేశాను. మూడున్నరే. తాళం తీసే చోట ఒక ఖాళీ గడి ఉంటుంది, కారణం రాయమని. అత్తయ్య అని కొట్టాను. చెరిపేసి, ఎదురు నీరు నాలుగు, మిగిలిన దూరం, నీరసమైన పెట్టె ఎంత, అన్నీ రాసి, కింద నా పేరు కొట్టాను. ఇరవై వచ్చింది. ఇరవై పోయి పంతొమ్మిది వచ్చింది. మోటార్ల మోత మారలేదు.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర ఎర్రనీళ్ళు వదిలాయి. ఒడ్డు చాటుకి రాగానే వెనక నుంచి ఎవరో చెయ్యి వేసి నడిపిస్తున్నట్టు పడవ తేలికైంది. పన్నెండు శాతం. ఆవలి రేవు కనిపిస్తోంది, అంబులెన్సు ఎర్రదీపం తిరగడం కూడా కనిపిస్తోంది. ఇక్కడ, అందరి ప్రాణం లేచొచ్చిన చోట, మామయ్య లివర్ని వెనక్కి లాగాడు. కింద జనంలో గొల్లుమన్న శబ్దం వినిపించింది. దగ్గరికొచ్చాక తగ్గిస్తాడేమిటి అని ఎవరో అరిచారు. నాకు తెలుసు, లెక్క అదే చెబుతుంది, కలిసొచ్చే నీరు ఎలాగూ మోస్తుంది, ఇక్కడ పోసిన కరెంటుకి తక్కువ నిమిషాలే దక్కుతాయి. పోస్తే రేవు దగ్గర ఆపడానికి ఏమీ మిగలదు, ఆపలేని పడవ చేరినట్టు కాదు. తెలుసు. అయినా నా కాలి వేళ్ళు చెప్పుల్లో ముడుచుకుపోయాయి, నా ఒళ్ళంతా తొయ్యి తొయ్యి అంది. నేనైతే తోసేదాన్ని. ఇంత చదివి, ఇంత రాసి, ఆ నిమిషంలో లివర్ నా చేతిలో ఉంటే తోసేసేదాన్ని. ఆ మాట ఇక్కడ ఒప్పుకోవాలి. లెక్క తెలియడం ఒకటి, భార్య కింద పడుకుని ఉండగా, వెనక అరుపుల మధ్య, ఎదురుగా రేవు కనిపిస్తుంటే, లెక్క చెప్పిన చోట చేతిని ఉంచడం మరొకటి. మొదటిది నా దగ్గరుంది. రెండోది పదిహేనేళ్ళ చదువులో ఎక్కడా కనిపించలేదు. ఈ కేబిన్‌లో, చెమటతో తడిసిన ఈ చొక్కాలో ఉంది.

తొమ్మిది. ఏడు. రేవు మూడు వందల బారలుండగా మోటార్లు దాదాపు ఆపేశాడు. పడవ తన బరువు మీద తానే జారుతూ వచ్చింది. చివర్లో ఒక్కసారి వెనక్కి తిప్పి పోశాడు, ఆరు సెకన్లు. రబ్బరు టైర్లకి పడవ ఆనిందో లేదో తెలియనంత మెత్తగా ఆనింది. మూడున్నర. తాడు పడింది, పలక దిగింది, స్ట్రెచరు వెళ్ళిపోయింది. నర్సూ బాబాయీ దాని వెంట పరిగెత్తారు, నేను కిటికీలోంచి అత్తయ్య చెయ్యి చూశాను, ఆ చెయ్యి పక్కనున్నవాళ్ళకి దారి చూపిస్తోంది, ఇటు, ఇటు అని.

"మామయ్యా, పద" అన్నాను. ఆయన కదలలేదు. లివర్ వంక చూస్తున్నాడు. "రావటం లేదే" అన్నాడు. ఏది రావటం లేదో మొదట అర్థం కాలేదు. ఆయన చెయ్యి. వేళ్ళు లివర్ చుట్టూ బిగుసుకుపోయి ఉన్నాయి, గోళ్ళ దగ్గర తెల్లగా, ఒక్క వేలూ విప్పుకోవడం లేదు. అరవై ఆరు నిమిషాల యాభై సెకన్లు ఉలికిపడకుండా ఉండటానికి ఆ చెయ్యి ఎంత ఖర్చుపెట్టిందో ఏ తెర మీదా లేదు. పక్కన నిలబడి ఒక్కో వేలూ విప్పాను, చిటికెన వేలితో మొదలుపెట్టి. చల్లగా ఉన్నాయి. ఆఖరి వేలు విడిపోయాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు, బరువంతా వేశాడు. అలాగే రేవు మెట్లు ఎక్కాం.

ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. ఎదురుగా మూసిన తలుపు, దాని మీద ఎర్రదీపం. ఏమీ చేయకుండా కూర్చోలేక ఒళ్ళో కంప్యూటరు తెరిచాను. పడవ దారి పొడుగునా నీటి వేగాన్ని తనంతట తానే రాసుకుంటుంది. ఆ నిజం అంకెలన్నీ ప్రోగ్రాముకిచ్చి, ఇవన్నీ ముందే తెలిసి ఉంటే, తప్పన్నదే లేకుండా నడిపి ఉంటే, ఎన్ని నిమిషాలు పట్టేదో చెప్పమన్నాను. అది చాలాసేపు తిరిగింది. ఈలోగా తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు కిందికి లాగి, నాళం తెరిచామని, గుండె చాలావరకు దక్కిందని, ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో అయి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదని అంది. బాబాయి గోడ వైపు తిరిగి భోరుమన్నాడు. పేషెంటు అప్పుడే మంచం దిగుతానంటోందని, ఎవరైనా లోపలికొచ్చి చెప్పండని డాక్టరు విసుక్కుంటూ వెళ్ళింది. నర్సు ఆవిడ వెంట లోపలికి వెళ్ళింది. మామయ్య నా ఒళ్ళోని తెర వంక చూశాడు. మూడు వారాల్లో నా లెక్కని అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇంకాస్త ముందు చేరేవాళ్ళమా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆయన ఒక గంటసేపు ఒక్క పిసరు కూడా అబద్ధం ఆడని చేత్తో మమ్మల్ని తీసుకొచ్చాడు, ఆయనకి కాకిలెక్క చెప్పడానికి నోరు రాలేదు.

"చేరేవాళ్ళం మామయ్యా."

"ఎంత?"

"ఇరవై సెకన్లు."

ఆయన భుజాలు కదలడం మొదలైంది, నవ్వో ఏడుపో తెలియలేదు, రెండూ అనుకుంటాను. అరచేత్తో ముఖం తుడుచుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"మీ అత్తతో అనకే" అన్నాడు. "బతికినన్నాళ్ళూ దెప్పుతుంది."